పురుగుమందుల ఖాళీ డబ్బాలు – ఉత్పత్తిదారుల బాధ్యత: కర్నూలు, కడప జిల్లాలలో విస్తరణ కర్తవ్యం

పత్తి, మిరప అధికంగా సాగయ్యే కర్నూలు, ఆదోని, నంద్యాల ప్రాంతాలలోను, అరటి, చీనీ తోటలు గల కడప జిల్లాలోను సస్యరక్షణ మందుల వాడకంతోపాటు ఖాళీ డబ్బాల సమస్యయు ఏర్పడుచున్నది. వీటిని తిరిగి సేకరించు బాధ్యత ఎవరిది, ఆ బాధ్యత పొలం గట్టు వరకు చేరుటకు ఏమి చేయవలెను అను అంశాలు ఈ వ్యాసమున వివరించబడినవి.

నియమాల స్వరూపం

2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలను 2022 ఫిబ్రవరి 16న సవరించి, ప్లాస్టిక్ ప్యాకేజింగునకు ఉత్పత్తిదారులు, దిగుమతిదారులు, బ్రాండు యజమానులను బాధ్యులను చేసిరి. 2023-24 నుండి ఈ బాధ్యత 100 శాతం. గట్టి ప్లాస్టిక్ డబ్బాలు మొదటి వర్గమునకు చెందును. వీటిలో పునశ్చక్రీకరణ కనీస లక్ష్యం 2024-25లో 50 శాతం కాగా, 2027-28 నాటికి 80 శాతం కావలెను. డ్రిప్ లేటరల్ పైపులు ప్యాకేజింగు కానందున ఈ లక్ష్యాల పరిధిలోనికి రావు. బ్యాటరీ స్ప్రేయర్ల పాత బ్యాటరీలకు 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాలు వర్తించును.

అసలు లోపం

లక్ష్యం బరువు రూపమున లెక్కించబడును. నమోదైన పునశ్చక్రీకరణదారు ఇచ్చు ధ్రువపత్రములతో అది నెరవేరును. ఆ ప్లాస్టిక్ ఏ గ్రామము నుండి వచ్చినదను ప్రశ్న లేదు. కనుక నగరములలో సులభముగా దొరకు ప్లాస్టిక్‌తో లక్ష్యం పూర్తయినను, ఆదోని పత్తి చేలోని డబ్బా అక్కడనే మిగులవచ్చును. పైగా 1971 కీటకనాశనుల నియమాలలోని 44వ నియమం ప్రకారం వాడిన డబ్బాలను పగులగొట్టి, నివాసములకు దూరముగా పూడ్చవలెను. పూడ్చిన డబ్బా సేకరణకు అందదు. అందువలన సేకరణ ఏర్పాటు ఉన్నచోటనే డబ్బాలను నిల్వ చేయించవలెను. లేనిచోట 44వ నియమమునే పాటించవలెను.

మూడుసార్లు కడుగుట

మందు అంటిన డబ్బాను కడుగకుండ అప్పగించుట సేకరించువారికి ప్రమాదకరము. డబ్బా ఖాళీ అయిన వెంటనే నాలుగవ వంతు నీరు పోసి, మూత బిగించి, 30 సెకండ్లు కుదిపి, ఆ నీటిని స్ప్రేయరు ట్యాంకులోనే పోయవలెను. ఇట్లు మూడుసార్లు చేయవలెను. నీటి ఎద్దడి గల రాయలసీమలో ఇది అదనపు భారము కాదు: లీటరు డబ్బాకు అవసరమగు ముప్పావు లీటరు నీరు 16 లీటర్ల ట్యాంకులో ఎటులను పోయవలసినదే. తరువాత అడుగున రంధ్రము చేసినచో త్రాగునీటికి గాని కిరోసినుకు గాని తిరిగి వాడుట సాధ్యము కాదు. చేతి తొడుగులు తప్పనిసరి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. పిచికారీ ప్రదర్శనలలో కడుగు విధానమును రైతుచేతనే చేయించవలెను.
2. సేకరించిన డబ్బాల సంఖ్య, బరువు కంపెనీవారీగా గ్రామస్థాయిలో నమోదు చేయవలెను.
3. ఆ లెక్కతో సంబంధిత బ్రాండు యజమానిని సేకరణకై వ్రాతపూర్వకముగా కోరవలెను.
4. డబ్బాలను కాల్చరాదు, పాతసామాను వ్యాపారులకు అమ్మరాదు. పాత బ్యాటరీలను వేరుగా ఉంచి, నమోదైన సేకరణదారులకే ఇప్పించవలెను.

ముగింపు

బాధ్యత ఉత్పత్తిదారునిదే అయినను, గ్రామపు లెక్క లేనిదే దానిని అడుగుటకు ఆధారముండదు. ఆ లెక్కను సిద్ధము చేయుట విస్తరణ శాస్త్రవేత్తలకు సాధ్యమైన, వెంటనే ప్రారంభింపదగిన కార్యము.