కవరు మీది ఇంగ్లీషు మాటలు

ఒక విద్యార్థి ప్రవేశపరీక్షకు దరఖాస్తు పంపాడనుకోండి. గడువుకు ఇంకా నాలుగు రోజులుంది. కాగితాలన్నీ సరిచూసి కవరులో పెట్టాడు. స్టాంపులు అంటించి పోస్టుడబ్బాలో వేశాడు. మూడో రోజున పోస్టుమాన్ వచ్చి ఒక కవరు చేతికిచ్చాడు. చూస్తే అది తాను పంపినదే! 'టు' దగ్గర తన పేరు, 'ఫ్రం' దగ్గర కార్యాలయం పేరు రాశాడు మరి. రెండు చిన్న మాటలు తారుమారైతే ఒక ఏడాది చదువే తారుమారు కావచ్చు.

కవరు వెంట మనం వెళ్లి వివరించలేం గదా! మనల్ని ఎన్నడూ చూడనివారు దాని మీది మాటలు చదివి పనిచేస్తారు. కనుక ఒక్కొక్క మాట చేసే పని ఏమిటో తెలుసుకుందాం.

పోస్టు, మెయిల్

'పోస్టు' మాటకు మూలం లాటిన్ భాషలో ఉంది. 'నిలిపి ఉంచినది' అని దాని అర్థం. పూర్వం దారి పొడవునా కొంత కొంత దూరంలో మనుషులను, గుర్రాలను నిలిపి ఉంచేవారు. ఒకరు తెచ్చిన ఉత్తరాలను మరొకరు అందుకొని ముందుకు తీసుకుపోయేవారు. మన తెలుగులో 'అంచె' అన్నా ఇదే. 'మెయిల్' పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని అర్థం సంచి. ఈ-మెయిల్‌కు సంచి లేకపోయినా పేరు మాత్రం మిగిలింది!

టు, ఫ్రం, కేరాఫ్

'టు' అంటే 'కు'. ఉత్తరం ఎవరికి చేరాలో వారి పేరు, చిరునామా ఇక్కడ రాయాలి. ఇంగ్లీషులో ఆయనే 'అడ్రసీ'. 'ఫ్రం' అంటే 'నుంచి'. పంపేవాడు 'సెండర్'. అడ్రసీ చిరునామాను కవరు ముందువైపు కుడిపక్కన పెద్దగా రాసి, సెండర్ చిరునామాను ఎడమపక్క కింద గాని, వెనుకవైపు గాని చిన్నగా రాయడం మంచిది. అడ్రసీ దొరకకపోతే ఉత్తరం తిరిగి రావడానికి ఈ రెండో చిరునామాయే ఆధారం. అలా తిరిగివచ్చిన కవరు మీద 'రిటర్న్ టు సెండర్' అని ఉంటుంది.

మీ అన్నయ్య మామయ్యగారింట్లో ఉండి చదువుకుంటున్నాడనుకోండి. ఆ వీధిలో అందరికీ తెలిసిన పేరు మామయ్యగారిది. అప్పుడు అన్నయ్య పేరు కింద 'కేరాఫ్' అని మామయ్యగారి పేరు రాయాలి. 'వారి ద్వారా' అని దాని భావం.

రెండు పిన్‌లు

కొత్తపేట అనే చోటు గుంటూరులో ఉంది, హైదరాబాదులో ఉంది, కోనసీమలోనూ ఉంది. ఒట్టి ఊరి పేరు చూసి సంచిలో వేస్తే ఉత్తరం ఎక్కడికి పోవాలి? ఈ చిక్కును తీర్చడానికి 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ అమలులోకి వచ్చింది. దీన్ని రూపొందించినవారు శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఆయన సంస్కృత కవి కూడా.

'పిన్' అంటే పోస్టల్ ఇండెక్స్ నంబర్. ఇందులో ఆరు అంకెలుంటాయి. ఉదాహరణకు 520001 తీసుకుందాం. మొదటి అంకె 5: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలున్న ప్రాంతం. రెండో అంకె కలిపి 52: ఆంధ్రప్రదేశ్‌లోని ఒక భాగం. మూడోదీ కలిస్తే 520: విజయవాడ వైపు ఉత్తరాలు వేరుచేసే విభాగం. చివరి 001 విజయవాడ ప్రధాన తపాలా కార్యాలయాన్ని చూపుతుంది. చెట్టు మొదలు నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి రెమ్మకు వెళ్లినట్లు అంకె అంకెకూ దారి ఇరుకై గమ్యం దగ్గర పడుతుంది. ఒక్క అంకె తప్పినా ఉత్తరం దారి తప్పవచ్చు. అది కూడా మొదటి అంకె అయితే మరీ దూరం పోతుంది!

బ్యాంకు కార్డుకూ 'పిన్' ఉంటుంది. అది పర్సనల్ ఐడెంటిఫికేషన్ నంబర్. పేరు ఒకటే, పని వేరు. తపాలా పిన్ అందరికీ కనిపించేలా రాయాలి. బ్యాంకు పిన్ ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా రాయకూడదు.

రిసీట్, డెలివరీ

ముఖ్యమైన కాగితాలను పోస్టుడబ్బాలో వేయకుండా కార్యాలయంలోనే ఇచ్చి 'రిసీట్' తీసుకోవాలి. ఇంగ్లీషు స్పెల్లింగులో 'పి' ఉన్నా దాన్ని పలకరు. మన 'రశీదు' ఈ మాటకు మారిన రూపం అనుకుంటాం గాని, కాదు. అది పారశీక భాష నుంచి వచ్చింది. అక్కడ 'చేరింది' అని అర్థం. ఉత్తరం అడ్రసీకి అందించడం 'డెలివరీ'.

పాత పుస్తకాలలో 'రిజిస్టర్డ్ పోస్టు' అనే మాట తరచు కనిపిస్తుంది. 1986లో మొదలైన స్పీడ్ పోస్టులో అది 2025లో విలీనమయింది. తంతి, అనగా టెలిగ్రాం, 2013లోనే ముగిసింది. బ్యాంకు కార్డు, పాస్‌పోర్టు వంటివి మాత్రం నేటికీ పోస్టుమాన్ చేతి మీదుగా ఇంటికి వస్తున్నాయి.

చేసి చూడండి

1. మీ ఊరి పిన్‌కోడ్‌ను, వేరే రాష్ట్రంలోని బంధువుల పిన్‌కోడ్‌ను ఒకదాని కింద ఒకటి రాయండి. ఎన్నో అంకె దగ్గర అవి విడిపోయాయి?

2. మీ మిత్రునికి ఒక కార్డు రాసి పోస్టు చేయండి. వేసిన తేదీని, అందిన తేదీని పోల్చి ఎన్ని రోజులు పట్టిందో లెక్క వేయండి.

3. కార్డును డబ్బాలో వేసే ముందు మరొక్కసారి చూసుకోండి: 'టు' దగ్గర ఎవరి పేరుంది?