నడుము నొప్పియు, సైకిలు సవారియు

బిలాస్‌పూరు రైలుపట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ తన మార్గమును ఈ ఊరి మీదుగా వేసిన నాటినుండి ఇచటి జీవనము రైలుతో పెనవేసికొని యున్నది. విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములనుండి కొలువునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ పట్టణమున అనేకము. 1931లో రాయపూరు-విజయనగరము మార్గము పూర్తియైన పిదప రాకపోకలు మరింత సులభమైనవి. క్వార్టర్లనుండి యార్డునకు, బజారునకు, ఆసుపత్రికి పోవుటకు చిరకాలము సైకిలే వాహనము. మోటారు బండ్లు ఎంత పెరిగినను, సైకిలును ప్రాణముగా చూచుకొనువారు నేటికిని కలరు.

అట్టివాని నొకని ఊహింపవచ్చును. వయస్సు నలువది దాటినది. యార్డులో ఉద్యోగము. సెలవుదినమున తెల్లవారుజామున లేచి, 25 కిలోమీటర్ల దూరమున నున్న రతన్‌పూరు మహామాయ ఆలయమునకు సైకిలుపై పోయి వచ్చుట అతని వేడుక. ఒకనాడు రాత్రి డ్యూటీ ముగించి, దారిలో బియ్యపు సంచి కొని, దానిని క్యారియరుపై నుండగనే సైకిలును పక్కకు తిరిగి, నడుము వంచి, ఒక్క ఊపున స్టాండుపైకి లాగినాడు. నడుములో కలుక్కుమన్నది. వంగినవాడు వంగినట్లే నిలిచిపోయినాడు.

నొప్పికంటె ముందుగా అతనిని పట్టుకొనునది భయము. సిక్‌లో ఎన్ని దినము లుండవలెనో, భత్యము లెంత పోవునో, ఫిట్ సర్టిఫికెట్ దొరకునో లేదో. ఇక సైకిలు మాట ఎత్తరాదని ఇరుగుపొరుగువారు చెప్పుదురు. ఈ భయము వలన కొందరు నొప్పిని దాచి పనికి పోవుదురు. కొందరు నెలల తరబడి మంచము పట్టుదురు. రెండును చెరుపే.

నడుములో జరుగునది

నడుము భాగమున ఐదు వెన్నుపూసలు కలవు. పూసకు పూసకు నడుమ డిస్కు అను మెత్తటి బిళ్ల యుండును. దాని అంచు గట్టి నారతోడను, లోపలి భాగము గుజ్జువంటి పదార్థముతోడను నిండియుండును. వీని చుట్టును కండరములు, పూసలను బంధించు పట్టీలు, కాళ్లకు పోవు నరములు ఉన్నవి. వంగి, అదే సమయమున పక్కకు మెలితిరిగి, బరువు లాగినపుడు ఈ భాగములన్నిటిపైనను ఒక్కసారిగా ఒత్తిడి పడును.

వైద్యుని యొద్దకు వచ్చు నడుము నొప్పులలో నూటికి తొంబదింటిలో ఫలానా భాగమే చెడినదని నిర్ణయించి చెప్పుట సాధ్యము కాదు. ఇది వైద్యుని లోపము కాదు. కండరమో, పట్టీయో, చిన్న కీలో నొచ్చుకొని కొన్ని వారములలో తనంతట తాను చక్కబడును. తక్కినవారిలో కొందరికి డిస్కు లోపలి గుజ్జు బయటికి పొడుచుకొని వచ్చి నరమును తాకును. అప్పుడు నొప్పి పిరుదునుండి తొడ వెనుకగా పిక్కకు, పాదమునకు దిగును. దీనినే సయాటికా యందురు. ఇదియు పెక్కుమందికి శస్త్రచికిత్స లేకయే నయమగును. పొడుచుకొని వచ్చిన భాగమును శరీరమే క్రమముగా కరగించుకొనును. డిస్కు జారిన దనగానే అది తిరిగి లోపలికి నెట్టవలసిన వస్తువని తలచరాదు.

స్కానులో కనిపించు ప్రతి మార్పును రోగము కాదు. నొప్పి ఎన్నడు నెరుగనివారి స్కానులను పరిశీలించిన అధ్యయనములను సమీకరించి 2015లో వెలువడిన వ్యాసము ప్రకారము, 20 ఏండ్లవారిలో నూటికి 37 మందికి, 80 ఏండ్లవారిలో నూటికి 96 మందికి డిస్కులు అరిగినట్లు కనిపించినది. తల నెరసినట్లే డిస్కును నెరయును. కాగితముపై డిస్కు అరుగుదల అను మాట చదివి సైకిలును అమ్మివేయువారు ఈ సంగతి గమనింపవలెను.

ఆలస్యము చేయరాని లక్షణములు

మూత్రము బంధించుట లేక తెలియకుండ పోవుట, మలద్వారము చుట్టును, సైకిలు సీటుకు ఆను భాగమంతయు స్పర్శ తప్పుట, రెండు కాళ్లును బలహీనమగుట: వీనిలో ఏది కనిపించినను అదే గంటలో ఆసుపత్రికి పోవలెను. తెల్లవారనిమ్మని రాత్రి గడుపరాదు. నరముల గుత్తిపై పడిన ఒత్తిడిని వెంటనే తొలగింపనిచో ఆ నష్టము శాశ్వతమై పోవచ్చును. పాదము పైకి లేవక ఈడ్చుకొని పోవుచున్నను ఆలస్యము కూడదు.

సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, రాత్రివేళ పడుకొన్నను తగ్గని నొప్పి ఉన్నయెడల అది బెణుకు కాకపోవచ్చును. మన దేశమున క్షయ వెన్నెముకకును సోకుచున్నది. మందులతో నయమగు ఈ వ్యాధిని నెలల తరబడి తైలములతో తోమించుకొని ముదరబెట్టుకొన్నవారు కలరు. కాన్సరు వచ్చియున్నవారు, చిరకాలము స్టీరాయిడ్లు వాడినవారు, సైకిలు పైనుండి గట్టిగా పడినవారు కూడ ముందుగా వైద్యునికి చూపుకొనవలెను.

పడకయు, పనియు

వెనుకటి కాలమున నడుము నొప్పికి వైద్యులే వారముల తరబడి పడక విధించెడివారు. 1986లో అమెరికాలో 203 మంది రోగులపై జరిగిన పరీక్షలో, రెండు దినములు మాత్రమే పడుకొనుమని చెప్పబడినవారు ఏడు దినములు చెప్పబడినవారివలెనే కోలుకొనిరి. పైగా వారు పోగొట్టుకొన్న పనిదినములు తక్కువ. 1995లో ఫిన్లండు రాజధాని హెల్సింకీలో నగరోద్యోగులను మూడు తెగలుగా చేసి చూచిరి. పడకలో నున్నవారికంటెను, ప్రత్యేక వ్యాయామములు చేసినవారికంటెను, నొప్పి ఓర్చుకొనగలిగినంతవరకు తమ మామూలు పనులు చేసికొన్నవారే త్వరగా కోలుకొనిరి. కండరములు పడకలో బిగిసి, బలహీనపడును. దానికి తోడు కదలిన చెడునను భయము మనస్సులో పాతుకొనును. ఈ భయము పోగొట్టుట కండరమును బాగుచేయుటకంటె కష్టము.

మొదటి రెండు మూడు దినములు నొప్పి తీవ్రముగ నున్నయెడల పడుకొనవచ్చును. వెల్లకిల పడుకొని మోకాళ్ల క్రింద దిండు పెట్టుకొనుట, లేక పక్కకు తిరిగి మోకాళ్ల నడుమ దిండు ఉంచుకొనుట సుఖము. కాని అరగంట కొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. వేడినీటి కాపడము మంచిది. నొప్పిమాత్రలు వైద్యుడు చెప్పినన్ని దినములే వాడవలెను. కడుపు పుండు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి అవి ప్రమాదకరములు. పేరు లేని పొడులు, మాత్రలు కొనరాదు. వానిలో స్టీరాయిడ్లు కలుపుట కద్దు.

ఎదురుకాళ్లతో పుట్టినవాడు తన్నిన నడుము పట్టు విడునను నమ్మకము తెలుగుదేశమున ఉన్నది. పట్టు సాధారణముగా కొన్ని దినములలో తనంతట తాను విడును గనుక, తన్నినవానికి పేరు వచ్చును. డిస్కు నరమును తాకియున్న మనిషిని తన్నుటయు, వీపుపై నిలిచి తొక్కుటయు, మెలిపెట్టి విరుచుటయు ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. నూనె రాసి మెల్లగా మర్దించుటకు అభ్యంతరము లేదు.

రెండవ మూడవ దినమునుండి పది నిమిషముల నడక రోజునకు మూడు నాలుగు సారులు అలవరచుకొనవలెను. పిమ్మట వెల్లకిల పడుకొని ఒక్కొక్క మోకాలును రొమ్మువైపునకు తెచ్చుట, మోకాళ్లు ముడిచి పిరుదులను మెల్లగా పైకెత్తి దించుట, బోర్లపడుకొని మోచేతులపై ఆనుట ప్రయత్నింపవచ్చును. అన్నియు అందరికి పడవు. కాలిలోని నొప్పి పాదమునుండి పైకి, నడుమువైపునకు కుదించుకొనుచున్నచో ఆ కదలిక మంచిది. నడుమున కొంత నొప్పి హెచ్చినను భయపడరాదు. నొప్పి మోకాలు దాటి క్రిందికి దిగుచున్నచో ఆ కదలికను మానవలెను.

మరల సైకిలుపైకి

అరగంట నడచుట, ఇరువది నిమిషములు కుర్చీలో కూర్చుండుట నొప్పి పెరుగకుండ సాధ్యమైనపుడు సైకిలును బయటికి తీయవచ్చును. కొందరికి ఇది రెండవ వారముననే కుదురును. కాలిలోనికి నొప్పి దిగినవారికి ఆరు వారములు పట్టవచ్చును. మొదటి సవారి చదునైన రోడ్డుపై పది నిమిషములు చాలును. మరునాటి ఉదయమునకు నొప్పి మునుపటివలెనే యున్నయెడల రెండు మూడు దినముల కొకసారి ఐదేసి నిమిషములు పెంచవచ్చును. పెరిగిన నొప్పి మరునాటికిని తగ్గకున్న ఒక మెట్టు దిగి, మానక సాగవలెను.

ఇచట ఒక చిక్కు ఉన్నది. బిలాస్‌పూరు వేసవిలో ఎండ మండకముందే సవారి ముగింపవలెనని అందరును కోరుదురు. కాని రాత్రి పడుకొన్నపుడు డిస్కులు నీరు పీల్చుకొని ఉబ్బును. నిద్ర లేచిన మొదటి గంటలో వంగిన వానిపై ఒత్తిడి ఎక్కువ. కనుక లేచిన వెంటనే సీటెక్కక, ఒక గంట ముందుగా లేచి, ఇంటిలో తిరిగి, తరువాత బయలుదేరవలెను. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రించువారికిని లెక్క ఇదియే.

సీటు ఎత్తు చూచుకొనుటకు ఉపకరణము లక్కరలేదు. గోడకు ఆనుకొని సీటుపై కూర్చుండి, క్రిందికి దిగిన పెడలుపై మడమ నుంచినపుడు కాలు నిటారుగా నుండవలెను. పాదపు ముందుభాగముతో తొక్కినపుడు మోకాలు కొద్దిగా వంగియుండును. సీటు మరీ ఎత్తైనచో ప్రతి తొక్కునకు పిరుదులు అటునిటు ఊగి నడుమును నలుపును. మరీ తగ్గినచో మోకాళ్లు నొచ్చును. సీటు ముక్కు పైకి లేచియుండరాదు. 1999లో ఇజ్రాయెలునుండి వెలువడిన ఒక అధ్యయనములో సీటు ముక్కును కొంచెము క్రిందికి వంచగా సవారులలో పెక్కుమందికి నడుము నొప్పి తగ్గినది. అయితే ఎక్కువగా వంచిన శరీరము ముందుకు జారి చేతులపై భారము పడును; కొద్దికొద్దిగ మార్చి చూచుకొనవలెను.

నల్లని పాతకాలపు సైకిలు హేండిలు నిటారుగా కూర్చుండుటకు అనువైనది. ఈ విషయమున అది కోలుకొనువానికి మిత్రుడు. క్రిందికి వంగిన హేండిలు గల గేరు సైకిళ్లవారు కొన్ని వారములు హేండిలును ఎత్తించుకొనవలెను. కాలు వెనుకనుండి తిప్పి ఎక్కుట మొదట కష్టము గనుక, పై కడ్డీ లేని లేడీస్ సైకిలును ఇంటిలోనివారినుండి తీసికొనుట ఉత్తమము. ఇందులకు సిగ్గుపడి నెల దినములు సవారి పోగొట్టుకొనుట ఏపాటి వివేకము? గుంతలు, పట్టాల దాటులు వచ్చినపుడు మోచేతులు కొంచెము మడిచి, పెడళ్లపై ఆని, సీటునుండి బరువు తేల్చవలెను. ఓవర్‌బ్రిడ్జి ఎక్కుడున గింజుకొనక దిగి నడువవచ్చును. క్యారియరుపై మనిషిని గాని బస్తాను గాని మూడు నెలలు ఎక్కింపరాదు.

రతన్‌పూరు మాట. పోయిన 25 కిలోమీటర్లును తిరిగి రావలెను; ఉత్సాహవంతులు మరచునది ఇదియే. అలసిన నడుము తిరుగు దారిలోనే నొచ్చును. కనుక మొదట ఐదు కిలోమీటర్లు పోయి వెనుదిరుగవలెను. పిమ్మట పది. ఆలయము వరకు పోవునాడు గంటలో రెండుమారులు దిగి, నడుముపై చేతులుంచి మెల్లగా వెనుకకు వంగి, కొంచెము నడచి మరల ఎక్కవలెను.

ఇంటికి చేరినపుడు మొదట క్యారియరుపై బరువు దింపవలెను. సైకిలునకు దగ్గరగా, దానికి ఎదురుగ నిలిచి, ఒక చేత హేండిలును, మరియొక చేత సీటును పట్టి, స్టాండుపై పాదమును గట్టిగా అదిమి, మోకాళ్లు మడిచి తిన్నగా లేచినయెడల, బండి కాలి బలముతోనే స్టాండెక్కును.