మన్యపు గ్రామము - చరిత్ర, జనసంఖ్య

గ్రామ చరిత్ర యనగానే రాజులు, కోటలు, శాసనములు మనకు జ్ఞప్తికి వచ్చును. పార్వతీపురము కొండలలో ఇరువది ముప్పది గడపల ఊరికి అట్టివి ఉండవు. అయినను దానికి చరిత్ర కలదు. అది ఊరి పేరులోను, ఊరివారి లెక్కలోను ఇమిడియున్నది. ఈ రెండింటిని ఎరిగియుండుట పంచాయతీ సభ్యులకు కాలక్షేపము కాదు, కర్తవ్యము.

పేరు చెప్పు కథ

ఈ సీమలో పెక్కు ఊళ్ల పేర్లు ‘వలస’ యని ముగియును. మండల కేంద్రమైన జియ్యమ్మవలస అట్టిదే. జనము వేరొక చోటినుండి వచ్చి నిలిచిన జాడ ఆ మాటలోనే కానవచ్చుచున్నది. కొండలపై సవరలు, జాతాపులు, గదబలు తరతరములుగా నివసించుచున్నారు. సవర భాష ముండా కుటుంబమునకు చెందినది; తెలుగునకు చుట్టము కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాషను శ్రమించి నేర్చి, 1931లో దానిపై గ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. జాతాపుల పూర్వపు భాష కువి. నేడు వారిలో పెక్కుమంది తెలుగే మాటలాడుచున్నారు.

కదలని ఊరు, మారిన జిల్లా

పార్వతీపురము తాలూకాలో 1945లో పుట్టిన వృద్ధుని తలచుకొనుడు. ఆయన విశాఖపట్నం జిల్లాలో జన్మించెను. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడగా అందలివాడయ్యెను. 1979 జూన్ 1న విజయనగరం జిల్లావాడయ్యెను. 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురం మన్యం జిల్లావాడు. ఊరు కదలలేదు, ఆయన ఇల్లు కదలలేదు, జిల్లా మాత్రము నాలుగు పేర్లు ధరించినది. కావున పాత జనాభా లెక్కలను పోల్చునపుడు జిల్లా అంకెలను నమ్మరాదు, ఊరి అంకెనే చూడవలెను. నేటి జిల్లాలో 15 మండలములు కలవు. 2011 లెక్కల ప్రకారము ఈ మండలములలో నివసించినవారు సుమారు 9 లక్షల 25 వేలు.

లెక్కలో కనబడని గూడెము

మన దేశమున 1881 నుండి పదేండ్లకొకసారి జనగణన జరుగుచు వచ్చినది. 2021లో జరుగవలసినది కోవిడ్ కారణమున నిలిచిపోయినది. ఈ గణనలో అంకెలు రెవెన్యూ గ్రామము వారీగా ప్రకటింపబడును. దాని క్రింద నాలుగైదు గూడెములున్నచో అన్నియు ఒక్క మొత్తములో కలిసిపోవును.

దీనివలన నష్టమేమి? 2000లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు అర్హతకు మైదానమున 500 మంది, గిరిజన ప్రాంతమున 250 మంది గల నివాసము ప్రమాణముగా నిర్ణయింపబడినది. అనగా 240 మందిగా వ్రాయబడిన గూడెమునకు ఆ అర్హత లేదు. 255 మందిగా వ్రాయబడినచో కలదు. పదిహేను పేర్లు జారిపోయినచో గర్భిణిని డోలీలో మోయవలసిన బాధ్యత మరల ఊరివారి భుజములపై పడును. 1996 నాటి పెసా చట్టము ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములో తన ఆచారములతో తన వ్యవహారములు నడుపుకొను ఒక్క గూడెము సైతము గ్రామమనిపించుకొనవచ్చును. ఆ గ్రామమునకు గ్రామసభ యుండును.

సభ్యులు చేయవలసినది

మొదటిది, ప్రతి గూడెము పేరు, ఇండ్లు, మనుష్యుల సంఖ్య ఒక పుస్తకమున వ్రాసి యేటేట సరిచూడవలెను.

రెండవది, జననమైనను మరణమైనను 21 దినములలో నమోదు చేయింపవలెను. కొండపై పుట్టిన బిడ్డకు బడిలో చేరునాటికి కాగితము లేదను మాట రారాదు.

మూడవది, రానున్న జనగణనకు 2027 మార్చి 1వ తేదీ ప్రమాణముగా ప్రకటింపబడినది. అంతకు ముందు ఫిబ్రవరిలో లెక్కలవారు ఇంటింటికి వత్తురు. పంట నూర్చి జనము పనులకై పట్టణములకు పోవు కాలమదియే. గణన దినములన్నిటను ఊరిలో లేనివారు తామున్న చోటనే లెక్కింపబడుదురు. ఈ సంగతి ముందుగా ప్రతి కుటుంబమునకు తెలుపవలెను. లెక్కలవారిని చివరి గూడెము వరకు సభ్యులే తోడ్కొని పోవలెను. ఉన్నవారిని విడువరాదు, లేనివారిని చేర్పరాదు.

పెద్దలు జీవించియుండగనే ఊరు ఎట్లు వెలసినదో అడిగి, ఆ పుస్తకము మొదటి పుటలో వ్రాయించుడు. తరువాతి పుటలలో పేర్లు చేరుచుండును. అదియే మీ గ్రామ చరిత్ర.