అర పాయింటు ఆట

కోనేరు హంపి మన గుడివాడలో పుట్టింది. చదరంగం తండ్రి అశోక్ నేర్పారు. 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది.

2025 జులైలో జార్జియా దేశంలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్పు జరిగింది. ఫైనల్లో హంపికి ఎదురు నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్. వయసు 19.

మొదటి ఆటలో తెల్ల పావులు దివ్యవి. ఆట మొదలుపెట్టిన తీరును 'క్వీన్స్ గాంబిట్' అంటారు. అదేంటో చూద్దాం. తెల్లవైపు మంత్రి ముందున్న బంటు రెండు గళ్లు కదులుతుంది. నల్లవైపూ అంతే. అప్పుడు తెల్లవైపు పక్క బంటును ముందుకు తోస్తారు, గాలానికి ఎర గుచ్చినట్టు! హంపి ఆ బంటును తీసేసుకుంది. ఊరికే వచ్చిందనుకోకండి. తీసుకున్న నల్ల బంటు పక్కకు పోతుంది కదా, బల్ల నడుమ చోటు తెల్లవైపుకు దొరుకుతుంది. వచ్చిన బంటును వదలకుండా కూర్చుంటే మిగతా పావులు ఇరుకున పడతాయి.

  చివరికి పావులు అటూ ఇటూ తిరిగి అదే అమరిక మళ్లీ మళ్లీ వచ్చింది. మూడుసార్లు వస్తే సమం కోరవచ్చు. 41 ఎత్తుల్లో ఆట ముగిసింది. చెరో అర పాయింటు.

ఓడి ఉంటే హంపి మర్నాడు గెలిచి తీరాల్సి వచ్చేది. రెండో ఆటా సమమే అయింది. జులై 28న తక్కువ గడువు ఆటలు పెట్టారు. అందులో దివ్య గెలిచి కప్పు తీసుకుంది.