గట్టుకు బెజ్జం ఎవరు పెట్టారు?

వరిమడి గట్టుకు బెజ్జం పడితే ఎలుకనే అనుమానిస్తాం. బొరియ మూతి దగ్గర తడిమట్టి ఉండలుంటే మాత్రం అది పీత (ఎండ్రకాయ) పనే. మన పొలాల్లో దొరికే ఒక రకం పేరు ఓజియోథెల్ఫూసా సెనెక్స్.

పట్టుకుని వెల్లకిలా తిప్పండి. పొట్టకింది మడత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. గుడ్లనూ, పొదిగిన పిల్లల్నీ ఆ మడతలోనే మోస్తుంది. రంగూ సైజూ చూసి జాతి తేల్చలేం. మగదాని మడతలో దాగిన జతకాళ్ల ఆకారమే అసలు గుర్తు. ఆఫ్రికాలోని చిన్న మంచినీటి పీతల్నీ శాస్త్రజ్ఞులు ఇలాగే వేరుచేస్తారు.

బొరియలో గుళికలు పోయకండి. ఫోరేటు వాడకం 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం. పైగా ఆ పీతనే ఎవరో కూరకు పట్టుకెళ్తారు! చేత్తో తీసేసి, బంకమట్టితో పూడ్చి గట్టిగా తొక్కండి.