మారతహళ్ళి ఖర్చు కూడా కలిపి లెక్కేయండి

"నర్సింగా? ఏం సంపాదిస్తుందని?" కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల్లో ఈ మాట అననివాళ్ళు అరుదు. బెంగళూరులో పక్కింటి అబ్బాయి ప్యాకేజీ ఎంతో వాళ్ళకు కంఠతా వచ్చు. అదే బెంగళూరులో, మారతహళ్ళి పీజీల్లో బీటెక్ పట్టాతో ఉంటూ, జావా, టెస్టింగ్ కోర్సులకు మళ్ళీ ఫీజు కడుతూ, ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెల నెట్టుకొస్తున్న మన పిల్లలు మాత్రం ఏ లెక్కలోకీ రారు.

పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్లకిచ్చే జీతం ఏళ్ళ తరబడి ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది. కేంద్ర కొలువుల్లో చూడండి: నార్సెట్ పరీక్ష రాసి ఎయిమ్స్‌లో చేరే నర్సింగ్ ఆఫీసర్ మూలవేతనం నెలకు 44,900 రూపాయలతో మొదలవుతుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా వచ్చే జూనియర్ ఇంజినీర్‌ది 35,400. అర్హత? ఇంటర్ బైపీసీ, నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. ఆ కొలువుకు ఇది నేరుగా దారి కాబట్టే నేను మూడేళ్ళ జీఎన్ఎం డిప్లొమా కంటే బీఎస్సీనే చెబుతాను.

ప్రైవేటు ఆసుపత్రుల్లో తొలి జీతం తక్కువే. అది దాచిపెట్టి పిల్లల్ని చేర్పించకూడదు. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన నిపుణుల కమిటీ 2016లో, 50 పడకల్లోపు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000కు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. చాలాచోట్ల అది కాగితం మీదే ఉండిపోయింది. రాత్రంతా ఐసీయూలో ప్రాణాలు కాపాడే అమ్మాయికి ఇది ఘోరమైన అన్యాయం. పెద్ద ఆసుపత్రిలో రెండేళ్ళ ఐసీయూ అనుభవం గడించి, మరోపక్క నార్సెట్‌కు చదవడం నేను ఇష్టపడే దారి.

ఇక ఉచ్చులు. మారతహళ్ళిలో "ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం, బ్యాక్‌డోర్‌లో పంపిస్తాం" అంటూ లక్షలు అడిగేవాళ్ళున్నారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. పొలం తాకట్టు పెట్టి ఆ డబ్బు పంపకండి. నర్సింగ్‌లోనూ ఇలాంటివాళ్ళున్నారు. "ఆర్నెల్లలో జర్మనీ" అంటారు. జర్మన్ భాషలో బీ2 స్థాయి రాకుండా అక్కడ పూర్తి నర్సుగా గుర్తింపు దొరకడం కష్టం. అమెరికాకు నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసైనా, గ్రీన్‌కార్డు కోసం భారతీయుల క్యూ పదేళ్ళు దాటింది. విదేశాలకు పంపే రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ అభ్యర్థి నుంచి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదన్నది మన దేశ నిబంధన. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే. ముందు వాటినే అడగండి.

కోడింగ్ ఇష్టపడే పిల్లను విదేశీ జీతం ఆశతో వార్డులోకి తోయకండి. రోగిని చూస్తే మనసు కరిగే పిల్లను పరువు కోసం కంప్యూటర్ ముందు కూర్చోబెట్టకండి. "నీ కోసమే ఇదంతా" అంటూ పదిహేడేళ్ళ పిల్ల మీద ఇంటి అప్పులు మోపడం నేను చూడలేను.

నర్సింగ్‌కే వెళ్తానంటే కాలేజీని స్వయంగా చూసి రండి. బెంగళూరు సీటని ఏజెంటుకు ఫోన్‌లోనే అడ్వాన్స్ కట్టేయకండి. బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి కనీసం 100 పడకల మాతృ ఆసుపత్రి ఉండాలి. ఆ వార్డుల్లో మంచాలు ఖాళీగా కనిపిస్తే, ఫీజు ఎంత తగ్గించినా చేరవద్దు.