బండిని స్టాండ్ల మీంచి దించే రోజు: మన వర్క్‌షాపు పాఠం

మన సొసైటీ శిక్షణ కేంద్రంలో పిల్లలు ఇనుప పైపులతో ఛాసిస్ కట్టి, పాత మారుతి 800 ఇంజను, గేర్‌బాక్సు ముందువైపు బిగించి ఒక చిన్న కారు తయారు చేస్తున్నారు. ఇది రోడ్డెక్కే బండి కాదు, ఆవరణలోనే తిరుగుతూ పని నేర్పే బండి. నెలల తరబడి నాలుగు స్టాండ్ల మీద ఉన్న బండి నేలమీద కాలు మోపే రోజంటే పిల్లలకు పండుగే. మాకు మాత్రం అన్ని రోజులకన్నా ఎక్కువ జాగ్రత్త పడవలసిన రోజు అదే. ఈ పిల్లల్లో తండ్రి లేనివారూ ఉన్నారు. వాళ్ల తల్లులు మన చేతుల్లో పెట్టిన అమానత్ వాళ్ల ప్రాణం. దాతలైన మీకూ ఈ పాఠం తెలియాలని ఇక్కడ రాస్తున్నాం.

ఒంటెను ముందు కట్టేసి, ఆ తర్వాతే అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్త (సఅసం) బోధను మేము షెడ్డులో అక్షరాలా పాటిస్తాం. నేల చదునైన కాంక్రీటు కావాలి. ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు బండి కింద పెట్టనివ్వం. అవి ముందుగా చెప్పకుండా ఒక్కసారిగా పగిలిపోతాయి. బండి బరువు 600 కిలోలే అనుకున్నా, ఒక్కో చక్రం వైపు సుమారు 150 కిలోలు పడుతుంది. ఛాతీ మీద పడితే అది చాలు. (ఇంజను కొనిస్తామని ముందుకొచ్చేవారు చాలామంది. మంచి స్టాండ్లు కొనిస్తామనేవారు అరుదు. మా లెక్కలో స్టాండే ముందు.)

దించే ముందు నాలుగు చక్రాలూ బిగించి ఉండాలి. అప్పుడు జాకీ జారినా బండి టైర్ల మీదే పడుతుంది. స్టీరింగు రాడ్లు, బ్రేకు పైపులు, సస్పెన్షన్ బోల్టులు ఒకరు చూశాక ఇంకొకరు మళ్లీ చూడాలి. బండి కిందా, లోపలా మనిషి ఉండకూడదు. ఆజ్ఞలు ఒక్కరే ఇస్తారు. "ఆపు" అనే మాట మాత్రం ఎవరన్నా సరే, అందరూ ఆగాలి.

ఒక చివరను ఒక్కసారిగా నేలదాకా దించకూడదు. రెండో చివర ఎత్తులోనే ఉండిపోతే బండి వాలి స్టాండ్ల మీంచి జారుతుంది. అందుకే ముందు ఒక మెట్టు, వెనక ఒక మెట్టు. జాకీని పైపు మధ్యలో కాకుండా పైపులు కలిసే గట్టి చోట, చెక్క ముక్క వేసి పెట్టాలి. వేలెడంత ఎత్తి, స్టాండ్లను కాలు పట్టుకుని బయటికి లాగి, ఒక పన్ను తగ్గించి తిరిగి పెట్టాలి. జాకీ వాల్వును మెల్లగా, కొద్దికొద్దిగా తిప్పాలి.

ఆఖరి మెట్టులో వెనక చక్రాలే ముందు దిగాలి. దీనికి కారణముంది. ఈ బండిలో హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. అవి నేలమీదికి రాగానే హ్యాండ్‌బ్రేకు లాగి, రెండు వైపులా చెక్క దిమ్మలు అడ్డం పెట్టాక ముందు భాగాన్ని దించుతాం. ట్రాలీ జాకీ చేయి నిలువుగా దిగదు, వంపుగా దిగుతుంది. కాబట్టి జాకీ చక్రాలు కాస్త దొర్లే వీలుండాలి. వాటి దారిలో ఒక్క గులకరాయి ఉన్నా జాకీ తల పట్టు తప్పుతుంది. షెడ్డు ఊడ్చే పనిని మేము పాఠంలో భాగంగా ఎందుకు పెట్టామో ఇక్కడ పిల్లలకు అర్థమవుతుంది.

దిగాక బండి కాస్త ఎత్తుగా, ముందు చక్రాలు వంకరగా కనిపిస్తాయి. పిల్లలు బెంబేలెత్తిపోతారు. టైరు నేలను పట్టుకుని ఉండటం వల్ల సస్పెన్షన్ సర్దుకోలేదంతే. దిమ్మలు తీసి, హ్యాండ్‌బ్రేకు వదిలి, ముందుకూ వెనక్కూ నాలుగు అడుగులు నెడితే కుదురుకుంటుంది. రబ్బరు బుష్షులున్న బోల్టులను చివరిదాకా బిగించేది అప్పుడే. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చినిగిపోతుంది. వీల్ నట్లు కూడా ఎదురెదురుగా మరోసారి బిగించాలి. ఆవరణలో మొదటి చుట్టు వేయించి, ఆపి, అవే నట్లను మళ్లీ చూస్తాం.